బట్ట ఆరకముందే బొమ్మ కావాలంటే ఎలా?

సంపాదకునికి,

తిరుపతిలో ఈ మధ్య సభల్లో అతిథులకు శాలువాతో పాటు, బట్టపై కలంతో చేత్తో గీసే కలంకారీ బొమ్మ కూడా ఇస్తున్నారు. మంచిదే. కానీ నిర్వాహకులకు ఆ సంగతి గుర్తొచ్చేది ఆహ్వాన పత్రికలు పంచేశాక. 'వారంలో కావాలి, డబ్బుకు చూడొద్దు' అని శ్రీకాళహస్తికి ఫోన్ చేస్తారు. వారంలో చేతికొచ్చేది అచ్చు వేసిన బట్టే.

డబ్బు పెంచితే తొందరగా తెమిలే పని కాదిది. ముందు బట్టను ఉతికి, కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండేస్తారు. పాలలో ఉన్న కొవ్వు వల్లే కలం పెట్టినచోట రంగు పాకకుండా నిలుస్తుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టాలి. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన బట్టకు తగిలాకే నల్లబడతాయి. ఎరుపు సంగతి ఇంకా చిత్రం. కలంతో పెట్టేది పటిక నీళ్లే; బట్టను మంజిష్ఠ అనే రంగు వేరు నీళ్లలో ఉడికించాక పటిక పడినచోట ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత పారే నీటిలో జాడించాలి. మన స్వర్ణముఖి నదిలో చూస్తే చాలా నెలలు ఇసుకే! మళ్లీ పాలు, మళ్లీ ఎండ, ఆపైన పసుపు, నీలం. మబ్బు పట్టిందంటే పని ఆగాల్సిందే.

ఆగినప్పుడు కళాకారుడు ఊరికే కూర్చోడు. గీస్తున్న రామాయణం బొమ్మలో రావణుడి పదో తలకు చోటెక్కడ దొరుకుతుందా అని చూసుకుంటాడు. చింతపుల్ల బొగ్గుతో గీసింది దులిపేయొచ్చు. వెదురు కలానికి చుట్టిన గుడ్డను నొక్కుతూ లాగిన నల్లగీతను మాత్రం చెరపలేం. గంటకిన్ని బొమ్మలని లెక్కగడితే ఈ చూపు ఎక్కడిది?

శ్రీకాళహస్తి కలంకారీకి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారిని 2008లో పద్మశ్రీ వరించింది. అయినా షాపుల్లో డిజిటల్ ప్రింటు చీరనూ కలంకారీ అనే అంటగడుతున్నారు. (కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ వేరు, అదీ చేతిపనే.) ప్రింటు చీర కొనొద్దని నేననను, మా ఇంట్లోనూ ఉన్నాయి, ఉతుక్కోవడం సుఖం. చేత్తో గీసిందో మిషను మీద అచ్చేసిందో ధర చీటీ మీదే రాయించాలని అధికారులను కోరుతున్నాను.

ఇక ప్రభుత్వ శాఖలకో మాట. ఉగాది, ఆగస్టు 15 ఏటా వచ్చేవే కదా. జ్ఞాపికల ఆర్డరు నాలుగు నెలల ముందే ఇచ్చి, సగం సొమ్ము అప్పుడే కళాకారుల చేతిలో పెట్టడానికి అడ్డేమిటి?

– ఒక పాఠకురాలు, తిరుపతి