బెండాకు పసుపు పడితే యూరియా వేయొద్దని రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో మిద్దె తోటల గురించి వేస్తా ఉంటారు కదా, దాంట్లో ఒకసారి రోగం వచ్చిన బెండాకు ఫోటో కలర్‌లో పెద్దగా వేయండి సార్. ఎందుకు అడగతా ఉండానంటే ఈ ఎండాకాలం పది పెయింట్ బకెట్లలో బెండ పెడితే ఎనిమిది పోయినాయి నాకు.

మార్చిలో గింజలు రాత్రంతా నానేసి పెట్టినా, అయిదో రోజుకంతా మొలకలు, మన తిరపతి వేడంటే బెండకు పండగే కదా. మిద్దె కాలిపోతా ఉంటుందని బకెట్ల కింద ఇటుకలు కూడా పెట్టినా. నలభై రోజులకు పూత, పువ్వు అచ్చం మందారం మాదిరే ఉంటుంది (రెండూ ఒకే కుటుంబం అంట), పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. అప్పుడే ఒక చెట్టుకి ఆకుల్లో ఈనెలు పసుపు పడినాయి. షాపాయన్ని అడిగితే బలం చాల్లేదమ్మా అని యూరియా ఇచ్చినాడు, పక్కింటక్క కూడా అదే మాట, నేనూ వేసేసినా. రెండు వారాల్లో పక్క చెట్లకీ వచ్చేసింది, కాయలు తెల్లగా గిడసబారిపోయినాయి, కత్తికి పీచు తగలతా ఉంది, పులుసులోకి కూడా పనికి రాలే.

మా నాయన పుంగనూరు పక్క సేద్యం చేసిన మనిషి, వీడియో కాల్‌లో చూసి "ఆకు తిప్పి చూసినావా మ్మా" అన్నాడు. తిప్పితే తెల్లదోమ, పిండి చల్లినట్టు లేచింది. అది శంఖు రోగం అంట, దోమ మోసుకొచ్చే వైరస్, మందు లేదు, కనపడిన చెట్టు కనపడినట్టే పీకేయాల్సిందే. నేనేమో యూరియా వేసి ఆకు లేతగా పెంచి దోమకు విందు పెట్టినా! బలం లేకపోతే కింది ముదురాకు మొత్తంగా పాలిపోతుంది, ఈ రోగంలో ఈనెలే వల మాదిరి పసుపుగా తేలి మధ్యలో పచ్చగా ఉంటుంది, తేడా అంతే, తెలియక ఎంతమంది యూరియా పోస్తా ఉండారో.

ఇప్పుడు మిగిలిన రెండింటికీ లీటరు నీళ్లకు 5 మిల్లీల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొడతా ఉండా, ఆముదం పూసిన పసుపు అట్టలు కట్టినా. ఈసారికి బెంగుళూరు ఐఐహెచ్‌ఆర్ (తోట పంటల పరిశోధన సంస్థ) వాళ్ల అర్క అనామిక అనే బెండ రకం గింజలు తెమ్మన్నాడు నాయన, తట్టుకుంటుందంట గానీ దాన్నీ పూర్తిగా నమ్మొద్దన్నాడు.

ఫోటో వేస్తే ఆకు కింది వైపు కూడా వేయండి సార్, దోమ ఉండేది ఆడే.

ఇట్లు
మీ పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి