మొదటి బండి కొనేవారికి మైలేజీ కంటే ముందు చెప్పవలసినవి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. పండుగల ముందు ద్విచక్ర వాహనాల గురించి పత్రికలలో వచ్చే కథనాలన్నీ, మీ పత్రికలో వచ్చేవాటితో సహా, ఇదివరకే బండి నడపడం వచ్చి, పాతది మార్చి కొత్తది కొనాలనుకునేవారి కోసం రాసినట్లుగా ఉంటున్నాయి. మైలేజీ ఎంత, కొత్త రంగులు ఏవి, మీటరుకు ఫోను కలుస్తుందా లేదా అన్న విషయాలకే వాటిలో చోటు దక్కుతోంది. ముప్పై అయిదో నలభయ్యో దాటాక, తొలిసారిగా, కేవలం ఉద్యోగానికి వెళ్లి రావడం కోసం బండి కొనవలసి వచ్చినవారికి పనికివచ్చే మాట వాటిలో కనబడదు. కోవూరులో ఉంటూ పెన్న వంతెన దాటి నెల్లూరులో ఉద్యోగం చేసే నేను కూడా నలభై దాటిన తరువాతే బండి నేర్చుకున్నాను. ఆ తరువాత తోటి ఉద్యోగినులు కొందరు బండి కొనేటప్పుడు వెంట వెళ్లాను. ఆ అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను.

ఇటువంటివారు కొద్దిమందే అనుకోవడానికి లేదు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పటి నుంచి, పూటకొక బస్సు కూడా సరిగా రాని ఊళ్లలో ఎందరో మహిళలు ఉద్యోగాలలో చేరారు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, బదిలీ మీద వెళ్లే ఉపాధ్యాయులు, కృష్ణపట్నం వైపు కాంట్రాక్టు పనులకు వెళ్లేవారు అందరిదీ ఇదే పరిస్థితి. అంతవరకు భర్తో, కొడుకో దింపి వచ్చేవారు; వారికీ పనులు పెరిగాక సొంత బండి తప్పనిసరి అవుతుంది. అప్పుడు సలహా చెప్పేది సాధారణంగా పదిహేనేళ్లుగా బండి తోలుతున్న బంధువు. ఆయన తనకు నచ్చిన బండి చెబుతాడే కాని, నేర్చుకునేవారికి నప్పే బండి చెప్పడు.

నా అభిప్రాయంలో కొత్తవారు మొట్టమొదట చూడవలసినవి రెండే: సీటు ఎత్తు, బండి బరువు. కొత్తగా నేర్చుకునేవారు పడేది వేగంగా వెళుతున్నప్పటి కంటే, ఆగబోతున్నప్పుడు, మలుపు తిప్పుతున్నప్పుడు, బండిని తోసుకుంటున్నప్పుడే ఎక్కువ. ట్రంకు రోడ్డులో ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగినప్పుడు రెండు పాదాలూ నేల మీద ఆనితే బండి నిలుస్తుంది. మునివేళ్లు మాత్రమే ఆనితే, ఒకవైపు గుంట ఉన్నప్పుడు బండి ఆ వైపుకు ఒరిగిపోతుంది, ఒరిగిన బండిని కొత్తవారు పట్టి నిలపలేరు. అందుకే షోరూముకు వెళ్లేటప్పుడు రోజూ ఉద్యోగానికి వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్లాలి, చీర కట్టుకునేవారు చీరతోనే వెళ్లాలి, బండి మీద కూర్చుని పాదాలు ఎంతవరకు ఆనుతున్నాయో చూసుకోవాలి.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. పెట్రోలు, ఆయిలుతో కలిపి హోండా షైన్‌ 100 బరువు 99 కిలోలు, హీరో స్ప్లెండర్‌ ప్లస్‌ 112 కిలోలు. టీవీఎస్‌ ఎక్సెల్‌ 100 తొంభై కిలోల లోపే ఉంటుంది. కుర్రవాళ్లు మోజుగా చెప్పే రాయల్‌ ఎన్‌ఫీల్డ్‌ క్లాసిక్‌ 350 అయితే 195 కిలోలు. ఈ తేడా దారిలో తెలియదు, ఇంటి దగ్గర తెలుస్తుంది. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ మురుగు కాలువ, దాని మీద గేటు వరకు ఎత్తుగా వేసిన సిమెంటు వాలు ఉంటాయి. ఉదయం బండిని ఆ వాలు మీద నుంచి వెనక్కు దింపాలి, సాయంత్రం మళ్లీ ఎక్కించాలి. దింపేటప్పుడు బండి బరువంతా చేతుల మీదికి వస్తుంది, కుడిచేతి వేళ్లు ముందు బ్రేకు మీద లేకపోతే బండి రోడ్డు మీదికి జారిపోతుంది. కొనే ముందే షోరూము మెట్టు దగ్గర బండిని ఇలా తోసి చూడాలి, మెయిన్‌ స్టాండు వేసి తీసి చూడాలి. స్టాండు వేయడం చేతి బలంతో జరిగే పని కాదు, స్టాండు కొస మీద ఒంటి బరువంతా మోపితే బండి దానంతట అదే పైకి లేస్తుంది. ఇది ఒక్కసారి చూపిస్తే చాలు. నెల్లూరులో ఒక షోరూములో నన్ను మాత్రం స్టాండు మీద నుంచి బండి దింపనివ్వకుండా, పక్కన నిలబడ్డ మా వారికే మైలేజీ వివరాలన్నీ చెప్పుకొచ్చారు.

గేర్లున్న బండి కొనాలా, గేర్లు లేని స్కూటీ కొనాలా అన్నది తరువాతి ప్రశ్న. క్లచ్చు పట్టడం, గేరు మార్చడం లేకపోతే చూపంతా రోడ్డు మీదే ఉంచవచ్చు కాబట్టి, నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్ల లోపలే తిరిగేవారికి స్కూటీయే సులువు. ఊరు దాటి వెళ్లేవారి విషయం వేరు. హోండా యాక్టివాకు ముందు చక్రం 12 అంగుళాలు, వెనుకది 10 అంగుళాలు. స్ప్లెండర్‌కు రెండూ 18 అంగుళాలు. అల్లూరు, ఇందుకూరుపేట వైపు లోపలి దారుల గుంటలలో చిన్న చక్రం దిగబడినంతగా పెద్ద చక్రం దిగబడదు. ఆ దారిన వెళ్లేవారు, గేర్లు వద్దనుకుంటే, పదహారు అంగుళాల చక్రాలున్న ఎక్సెల్‌ను తేలికగా తీసిపారేయకూడదు. మన దగ్గర అది పాలవారి బండి, చేపలవారి బండి అని ఉద్యోగస్తులు నామోషీ పడతారు కాని, నేర్చుకునేవారికి అంత తేలికగా లొంగే బండి నాకు మరొకటి కనిపించలేదు.

కోతల కాలంలో మన రోడ్ల సంగతి మరో మాట చెప్పాలి. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం పరిసరాలలో వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. కళ్లాలు లేని రైతును తప్పుపట్టలేము. అయితే ఆ గింజల మీద బ్రేకు వేస్తే చక్రం బంతుల మీద పడ్డట్టు జారుతుంది. వడ్ల దాకా రాకముందే వేగం తగ్గించుకుని, హ్యాండిలు తిప్పకుండా నేరుగా దాటిపోవాలని నేర్పేవారు ముందే చెప్పాలి. 2019 ఏప్రిల్‌ నుంచి అమ్మే 125 సీసీ లోపు బండ్లన్నిటికీ ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పని చేసే సీబీఎస్‌ ఏర్పాటో, అంతకంటే మెరుగైన, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్సో తప్పనిసరి అయింది. ఇది కొత్తవారికి మేలు చేస్తుంది కాని, గింజల మీదా తడి ఇసుక మీదా దానినే నమ్ముకోకూడదు.

గేర్ల ఎంపికకు లైసెన్సుతోనూ సంబంధం ఉంది, దీనిని షోరూముల్లో ఎవరూ చెప్పరు. గేర్లు లేని బండితో పరీక్ష ఇస్తే ఆ తరగతికే లైసెన్సు వస్తుంది, దానితో గేర్ల బండి నడపకూడదు. గేర్ల బండితో ఇస్తే రెండూ నడపవచ్చు. ఇంట్లో ఇప్పటికే గేర్ల బండి ఉంటే, ఓపిక పట్టి దానితోనే పరీక్షకు వెళ్లడం ముందుముందు ఉపయోగపడుతుంది. ఎల్‌ఎల్‌ఆర్‌, అంటే నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు, తీసుకున్న ముప్పై రోజుల తరువాత పరీక్షకు వెళ్లవచ్చు, దాని గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలలలో నేర్పేవారిని తప్ప మరెవరినీ వెనుక కూర్చోబెట్టుకోకూడదు, పిల్లలను బడి దగ్గర దింపడం కూడా అందులోకే వస్తుంది.

ఇక అందరూ అడిగే మైలేజీ. రోజుకు ఇరవై కిలోమీటర్ల చొప్పున నెలకు ఇరవై అయిదు రోజులు తిరిగితే 500 కిలోమీటర్లు. లీటరుకు 60 ఇచ్చే బండికి సుమారు 8.3 లీటర్లు, 45 ఇచ్చే బండికి 11.1 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల లెక్కన చూసినా తేడా నెలకు మూడు వందల రూపాయలు. దాని కోసం కాలు అందని బండి కొని, రెండుసార్లు పడి, లివరు, ఇండికేటరు, అద్దం మార్పించుకుంటే మిగిలిందంతా మెకానిక్కుకే పోతుంది. మోకాలి చిప్పకు వేసిన కట్టు ఖర్చు ఇందులో కలపలేదు.

ధర విషయంలో కథనాలు చెప్పేది ఎక్స్‌-షోరూము ధర మాత్రమే. 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు తమ బిల్లులో కనిపిస్తోందో లేదో కొనేవారు చూసుకోవాలి. ఎక్స్‌-షోరూము ధర మీద జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, బీమా చేరుతాయి. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్‌ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, ఒకేసారి కట్టాలి, 75 నుంచి 150 సీసీ బండికి 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం అది 3,851 రూపాయలు, పన్ను అదనం. ఇంతవరకు తప్పనివే. ఆ తరువాత బిల్లులో 'ఫిట్టింగులు' అనే వరుస వస్తుంది, అక్కడ ఆగి అడగాలి. వెనుక కూర్చునేవారి చీర చక్రంలో పడకుండా ఉండే గార్డు, పట్టుకునే కడ్డీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం బండికి ఉండి తీరవలసినవి. బండి కొన్నప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్‌ ఇవ్వాలన్నదీ ఆ నిబంధనలలోనే ఉంది. వీటిని విడి సామగ్రిగా చూపి డబ్బు అడిగితే, ఏ నిబంధన ప్రకారమో రాసి ఇమ్మని అడిగే ధైర్యం కొనేవారికి ఉండాలి.

నన్ను అడిగితే మొదటి బండి పాతదే కొనమంటాను. నేర్చుకునేటప్పుడు గీతలు పడక మానవు. కొత్త బండికి మొదటి గీత పడగానే బెంగపడి దానిని ఇంట్లో పెట్టేసినవారిని చూశాను. 2020 ఏప్రిల్‌ తరువాత, పొగ కాలుష్యానికి సంబంధించిన బీఎస్‌6 ప్రమాణాలతో తయారైన బండి అయితే ఉదయం చోకు లాగే పని ఉండదు, సీబీఎస్‌ కూడా ఉంటుంది. అమ్మేవారు ఎంత తెలిసినవారైనా బండి ఆర్‌సీలో ఫైనాన్సు సంస్థ పేరు ఉందేమో చూడాలి. ఉంటే వారి నిరభ్యంతర పత్రం, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకూడదు. ఛాసిస్‌ నంబరును ఆర్‌సీతో సరిచూసుకోవాలి, పెండింగు చలాన్లు ఆన్‌లైనులో చూసుకోవాలి, పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు అప్పటికప్పుడే చేయించుకోవాలి. 'పేరు తరువాత మార్చుకుందాం లే' అని అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. ప్రమాదం జరిగిన రోజు ఆ బాధ్యత ఆర్‌సీలో పేరున్న మనిషి మెడకు చుట్టుకుంటుంది. బీమాను కూడా పద్నాలుగు రోజులలోగా తమ పేరుకు మార్పించుకోవాలి. టైర్లు, చైను, బ్రేకులు నమ్మకమైన మెకానిక్కుకు చూపించి, అవసరమైతే రెండు టైర్లూ కొత్తవి వేయించినా కొత్త బండి ధరకు చాలా దూరంలోనే ఉంటాము.

ఎలక్ట్రిక్‌ స్కూటర్లలో గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు మోటారున్న వాటికి లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. వీధిలో కూరగాయలకు వెళ్లడానికి అవి బాగానే ఉంటాయి. కోవూరు నుంచి నెల్లూరు రావడానికి జాతీయ రహదారి ఎక్కేవారికి మాత్రం లారీల మధ్య ఆ వేగం ప్రమాదకరం.

కావున మీ పత్రిక ఇకముందు ద్విచక్ర వాహనాల గురించి ప్రచురించే పట్టికలలో మైలేజీ పక్కనే సీటు ఎత్తు, బండి బరువు, చక్రాల కొలత, మన జిల్లాలో పన్ను, బీమా అన్నీ కలిపిన ఆన్‌ రోడ్‌ ధర వివరాలతో సహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఇంకొక విన్నపం కూడా ఉంది. పెద్దవయసులో నేర్చుకునేవారు జనం చూస్తారన్న సిగ్గుతో తెల్లవారుజామున చీకట్లో బైపాసు సర్వీసు రోడ్లలో నేర్చుకుంటున్నారు, లారీలు తిరిగే ఆ దారులు అందుకు తగినవి కావు. ఆదివారాలు ఉదయం రెండు గంటలపాటు ప్రభుత్వ పాఠశాలల మైదానాలలో ఒకదానినైనా నేర్చుకునేవారికి తెరిచి ఉంచేలా జిల్లా అధికారుల దృష్టికి ఈ విషయం మీ పత్రిక ద్వారా తీసుకువెళ్లగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కోవూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా