మేస్త్రీ, నీ గోడ కనబడలేదు

ఒరేయ్ మేస్త్రీ,

నువ్వు రాసి రెండు నెలలు దాటింది, తిట్టుకో. మిర్చి సీజను రా, యెనుమాముల యార్డులో పొద్దంతా కాటాల దగ్గర నిలబడితే ఇంటికొచ్చేసరికి తుమ్ములే మిగులుతాయి, మాటలుండవు. అమ్మ బాగుంది. మీ నాన్న మొన్న కాజీపేట స్టేషన్ దగ్గర కలిశాడు, పైసలు అందినయట. ఇంక అసలు సంగతి విను.

నా కణాన్ని నేనే చూసుకున్నా రా!

చెల్లె బిడ్డ వాళ్ల స్కూల్లో సైన్స్ ఫేర్ అంటే పోయా. అది అందరి ముందూ "నోరు పుక్కిలించి రా మామా" అని, పుల్లతో బుగ్గ లోపల గీకి, గాజు పలక మీద రుద్ది, మిథిలీన్ బ్లూ చుక్క వేసి, పైన సన్నటి గాజు ముక్క పెట్టి చూడమంది. నల్లటి అంచుతో గుండ్రంగా ఒకటి కనబడింది, అబ్బ ఎంత ముద్దుగా ఉంది నా కణం అన్నా. గాలిబుడగట! పిల్లలంతా ఒకటే నవ్వు. తర్వాత అది పలక కొంచెం జరిపితే... ఎట్లా చెప్పాలి, అటుకులు చల్లినట్టు లేత నీలం రేకులు, ఒక్కోదాని నడుమ ముదురు నీలం చుక్క. ఆ చుక్కే కేంద్రకం. అంత చుక్కలో 46 క్రోమోజోములు, వాటి డీఎన్ఏ మొత్తం విప్పి చాపితే దగ్గర దగ్గర 2 మీటర్లు, నువ్వు మడమలెత్తి నిలబడ్డా అందవు.

మన సారు బీరువాలో తాళమేసి పెట్టిన మైక్రోస్కోప్ గుర్తుందా? బొమ్మ ఎన్నిసార్లు గీయించాడో, ఒక్కనాడూ చూపలేదు. నువ్వేమో మొక్కల కణానికుండే గోడను మనిషి కణం బొమ్మకు కట్టి, దెబ్బలు తిని మేస్త్రీవయ్యావు, ఇప్పుడు నిజంగానే ఆ ఎడారిలో గోడలు కట్టిస్తున్నావు. నీ కోసం మళ్లీ వెతికా రా, గోడ లేదు. పల్చటి పొర ఒక్కటే, ఏది లోపలికి రావాలో ఏది బయటికి పోవాలో చూసుకునేది అదేనట.

మరి మనం గీసిన మిగతా సామానంతా ఏది అంటే, ఆ మైక్రోస్కోపుకు అందవంది చెల్లె బిడ్డ. రైబోజోములు కనబడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే కావాలట. అవి ప్రోటీన్లు తయారుచేస్తే, చాలావాటిని గాల్జీ అనే ఇంకో భాగం సరిచేసి, చిన్న సంచుల్లో కట్టి, ఎక్కడికి పోవాలో అక్కడికి పంపుతుందట. నా కొలువే కదా! బస్తా, చిట్టీ, లారీ. పాడైన సరుకును లైసోజోములు అరిగించేస్తాయి, మా అడ్తి దుకాణంలో అదొక్కటే లేదు, తడిసిన మిర్చి మూలకు అట్లనే మురుగుతుంది.

తిన్నదాంట్లోని శక్తిని ఏటీపీగా, అంటే కణం వాడుకునే ఇంధనంగా, మార్చే మైటోకాండ్రియా అమ్మ నుంచే వస్తాయట. ఇంటికొచ్చి చెబితే, "బలమంతా నీకిచ్చిన, మోకాళ్ల నొప్పులు నాకు మిగిలినయి" అంది. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో భీమవరంలో పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడట, ఇన్నేళ్లూ తెలియనందుకు సిగ్గేసింది.

ఎర్ర రక్తకణానికైతే కేంద్రకమే ఉండదట. ఉన్నదంతా బయటపడేసుకుని, దాదాపు 120 రోజులు ఆక్సిజన్ మోస్తూ తిరగడమే పని. అది వినగానే ఎందుకో నువ్వు... సరే, వదిలెయ్. పండగకైనా వస్తున్నావా లేదా?

ఆ గాజు పలక అడిగి తెచ్చుకున్నా, ఎండిపోయింది, అయినా నీకు చూపిద్దామని బీరువాలో, అరే లారీ వచ్చింది, కాటా దగ్గర కేకలేస్తున్నారు, ఉంటా రా