కలల జోస్యాలు: ముందే రాసిన కాగితం ఉంటేనే అచ్చు వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏదైనా పెద్ద ప్రమాదం జరిగిన రెండు మూడు రోజులకే, దాన్ని ముందుగా కలలో చూశామని చెప్పేవారి అనుభవాలు పత్రికల్లో రావడం పరిపాటి అయింది. కలలు నిజమైన వైనాల గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసమూ ఆ కోవలోదే. అందులో మాట్లాడినవారు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. కల వచ్చిన మాట నిజమే కావచ్చు, ఆ తర్వాత సంఘటన జరిగిన మాట ఎలాగూ నిజమే. అయితే ఆ కల సంగతి సంఘటన జరిగాక గాని ఎవరికీ తెలియకపోవడం, అలా తెలిసినదాన్ని ఏ పరీక్షా లేకుండా అచ్చు వేయడం నాకు అభ్యంతరం.

ఇలాంటి కలలను ఒక పత్రికే పూనుకుని సేకరించిన సందర్భం చరిత్రలో ఉంది. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని ఆబర్‌ఫాన్ గ్రామంలో, బొగ్గు గని వ్యర్థాలు పోసిన గుట్ట జారి దిగువన ఉన్న బడి మీద, ఇళ్ల మీద పడడంతో 144 మంది మరణించారు. వారిలో 116 మంది పిల్లలు. ఈ ఘోరం గురించి ముందే కల గాని, మరే రకమైన సూచన గాని కలిగినవారు తెలియజేయాలని జాన్ బార్కర్ అనే మనోవైద్యుడు లండన్‌లోని ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక ద్వారా కోరగా 76 ఉత్తరాలు వచ్చాయి. జరిగిపోయినదాని గురించి తర్వాత వచ్చే ఉత్తరాలు ఎంతవరకు రుజువవుతాయన్న చిక్కు బార్కర్‌కూ తెలుసు. అందుకే 1967 జనవరిలో అదే పత్రికతో కలిసి, జోస్యాలను సంఘటనకు ముందే తేదీ వేసి నమోదు చేసే ఒక విభాగాన్ని ప్రారంభించారు. వందల కొద్దీ జోస్యాలు వచ్చాయి. సరిపోయాయని వారే లెక్కించినవి బహు కొద్ది, అందులోనూ ఎక్కువ భాగం ఇద్దరు వ్యక్తులు పంపినవే. ఆ ఇద్దరి సంగతి ఆసక్తికరమే, కాదనను. కానీ ఆ జోస్యాల వల్ల ముందుగా ఆగిన ప్రమాదం ఒక్కటీ లేదు.

ఇదే ఘటనకు సంబంధించి అంతగా ప్రచారం పొందని మరో విషయం ఉంది. ఆ బడి వెనుక గుట్ట మీద గని వ్యర్థాలు పోయడం ప్రమాదకరమని స్థానిక పాలక సంఘం ఇంజనీరు 1963లోనే లిఖితపూర్వకంగా హెచ్చరించారు. గుట్ట కింద నీటి ఊటలు ఉన్నట్టు పటాల్లోనే కనిపించేది. విచారణ జరిపిన ట్రిబ్యునల్ 1967లో ఇచ్చిన నివేదికలో బాధ్యత అంతా జాతీయ బొగ్గు బోర్డుదేనని తేల్చింది. అంటే ముందుగా చెప్పినవారు ఉన్నారు, మెలకువలోనే చెప్పారు, కాగితం మీద సంతకం చేసి మరీ చెప్పారు. ఒక ప్రమాదం తర్వాత విలేఖరులు కలలు కన్నవారి కోసం వెతికే సమయంలో సగం, ఇలాంటి పాత ఫిర్యాదులు ఏ కార్యాలయంలో దుమ్ము పట్టి ఉన్నాయో వెతకడానికి కేటాయిస్తే పాఠకులకు ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

కలలను ముందే సేకరిస్తే ఏమవుతుందో మరో ఉదాహరణ చూపుతుంది. 1932 మార్చి 1న అమెరికాలో విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డను అపహరించారు. బిడ్డ ఆచూకీ తెలియక ముందే, హార్వర్డ్‌లోని మనస్తత్వ శాస్త్రవేత్తలు పత్రికా ప్రకటన ద్వారా ప్రజల కలలను కోరగా 1,300కు పైగా వచ్చాయి. మే 12న బిడ్డ మృతదేహం చెట్ల మధ్య, లోతులేని గోతిలో దొరికింది. వచ్చిన కలల్లో బిడ్డ చనిపోయినట్టు చూసినవి సుమారు 5 శాతం మాత్రమే. మరణం, గొయ్యి, చెట్లు అనే మూడు అంశాలూ కలిసి ఉన్నవి నాలుగే. ఆ నలుగురూ ముందుగా ఎవరికీ చెప్పకుండా ఊరుకుని, మే 13న విలేఖరి ముందు కూర్చుని ఉంటే, ఆ నాలుగు కథలు లోకాన్ని నివ్వెరపరిచేవి. మిగిలిన సుమారు పదమూడు వందల కలల ఊసు ఎవరికీ తెలిసేది కాదు.

లెక్కగా చూసినా ఇందులో వింత తక్కువే. ఒక రాత్రి కల మరునాటి సంఘటనతో కాకతాళీయంగా అచ్చుగుద్దినట్టు కలిసే అవకాశం పదివేలలో ఒకటి మాత్రమే అనుకుందాం. అప్పుడు లక్ష మందిలో ఏడాది తిరిగేసరికి సుమారు 3,600 మందికి కనీసం ఒక్కసారైనా కల నిజమవుతుంది. వారంతా ఆ సంగతి చెప్పుకుంటారు, మిగిలిన 96,400 మందికి చెప్పడానికి ఏమీ ఉండదు. దీనికి జ్ఞాపకం చేసే సాయం కూడా కలుస్తుంది. కలల్లో అధిక భాగం లేచిన కాసేపటికే మరుపున పడిపోతాయి, వాటిలో ఏది తిరిగి గుర్తుకు రావాలో తర్వాతి సంఘటనే నిర్ణయిస్తుంది. గుర్తుకు వచ్చాక కూడా, చెప్పిన ప్రతిసారీ అది జరిగినదానికి మరికాస్త దగ్గరవుతుంది. అబ్రహాం లింకన్ తన మరణాన్ని ముందే కలగన్నారన్న కథ ఎంత ప్రసిద్ధమో అందరికీ తెలుసు. ఆయన హత్య జరిగింది 1865లో అయితే, ఆ కల వివరాలు ఆయన మిత్రుడి పేరిట అచ్చయింది దాదాపు రెండు దశాబ్దాల తర్వాతే.

శాస్త్రం పేరు చెప్పి పెద్దల మాటను తోసిపుచ్చుతున్నారని కొందరు అనవచ్చు. కానీ ఆ పెద్దల్లో ఒకరైన ఆయుర్వేద ఆచార్యుడు చరకుడే కలలను ఏడు రకాలుగా విభజించి, చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి అనే ఐదింటినీ ఫలం లేనివిగానే పరిగణించాడు. భవిష్యత్తును సూచించేవి, శరీరంలోని వాత పిత్త కఫ దోషాల వల్ల వచ్చేవి మాత్రమే మిగిలాయి. ఆ మేరకైనా వడపోత మన వ్యాసాల్లో కనిపించదు. శరీరం గురించి నిద్ర ముందుగా తెలిపే సందర్భాలు నేటి వైద్యంలోనూ ఉన్నాయి. కలలో జరుగుతున్నదానికి తగ్గట్టు నిద్రలోనే కాళ్లు చేతులు విసరడం, అరవడం కొందరిలో పార్కిన్‌సన్స్ అనే మెదడు సంబంధ వ్యాధికి ఎన్నో ఏళ్ల ముందే కనిపిస్తుంది. ఇది పరీక్షకు నిలిచిన సంగతి కాబట్టి దీని గురించి రాస్తే చదవడానికి నావంటివారు సిద్ధంగా ఉన్నారు.

ఈ కథనాల వల్ల నష్టమేముంది, సరదాగా చదివి వదిలేయవచ్చు కదా అనే ప్రశ్న సహజం. ఆత్మీయులు చనిపోయినట్టు పీడకల వచ్చినవారు ఈ వ్యాసాలు చదివి ఎన్ని రోజులు భయంతో గడుపుతారో ఆలోచించండి. నిజంగానే ఆత్మీయుణ్ణి పోగొట్టుకున్నవారి స్థితి ఇంకా కష్టం. కల వచ్చినా ఆపలేకపోయానన్న లేని నేరాన్ని వారు నెత్తిన వేసుకుంటారు.

అందుచేత నాదొక విన్నపం. ఇకపై సంఘటన జరిగాక బయటపడిన కలలను ప్రచురించకండి. కావాలంటే ఒక ఏడాది పాటు పాఠకుల కలలను, వచ్చిన తేదీతో సహా, సీలు వేసిన కవర్లలో స్వీకరించండి. ఎవరు, ఎక్కడ, ఎప్పటిలోగా అన్నవి స్పష్టంగా లేని కలను లెక్కలోకి తీసుకోబోమని ముందే ప్రకటించండి. ఏడాది తర్వాత కవర్లు తెరిచి, ఎన్ని వచ్చాయో, ఎన్ని సరిపోయాయో, ఎన్ని సరిపోలేదో అన్నీ అదే అనుబంధంలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. నిర్ణేతలుగా ఒక గణాంక శాస్త్రవేత్తతో పాటు కలలను గాఢంగా నమ్మేవారిని ఒకరిని కూర్చోబెట్టండి. ఈ లేఖ చదివి కోపం తెచ్చుకున్న పాఠకుల్లో ఒకరు ఆ రెండో స్థానానికి తప్పక ముందుకు వస్తారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు