గ్రూపు ఎంచుకునే ముందు ఆరు పీరియడ్లు ఇవ్వండి

ఎడిటర్ గారికి,

పదో తరగతి పరీక్షలు రాయకముందే చాలా ఇళ్లలో పిల్లల గ్రూపు ఖరారైపోతోంది. దసరా దాటగానే కాలేజీల పీఆర్వోలు వస్తారు, ఇప్పుడే సీటు రాయించుకుంటే ఫీజులో రాయితీ అంటారు, తల్లిదండ్రులు అడ్వాన్సు కట్టేస్తారు. పిల్లను అడిగే ప్రశ్న ఒక్కటే మిగులుతుంది: ఎంపీసీయా, బైపీసీయా? నవంబరు, డిసెంబరు నెలల్లో, స్పెషల్ క్లాసుల ఒత్తిడి పెరగకముందే, నిర్ణయం ఎలా తీసుకోవాలో నేర్పడానికి బడిలో ఆరు పీరియడ్లు కేటాయించాలని కోరుతున్నాం. తెల్లకాగితం, స్కేలు, పెన్ను ఉంటే చాలు.

మొదటి పీరియడ్ దారులు రాయడానికే. ప్రతి ఒక్కరూ కనీసం ఐదు రాయాలి. ఎంఈసీ, సీఈసీ, పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, ఐటీఐ, ట్రిపుల్ ఐటీ ఆరేళ్ల కోర్సు కూడా లెక్కలోకి రావాలి. ఏ దారి ఎక్కడికి పోతుందో పక్కనే రాయించాలి. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఎంపీసీ చదివినా బీఫార్మసీలో చేరవచ్చు. ఇవి తెలియక దారులు మూసుకుంటున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత కొలమానాలు, అంటే దారులను పోల్చి చూసే అంశాలు. ఏది ఎంత ముఖ్యమో దాన్నిబట్టి వాటికి మొత్తం 100 పంచాలి. ఉదాహరణకు సబ్జెక్టు మీద పట్టు 40, ఖర్చు 30, తర్వాత తెరుచుకునే అవకాశాలు 20, రాకపోకలు 10. ఇవి పెన్నుతో రాయించి, టీచరు సంతకం పెట్టాకే ఒక్కో దారికి 5కి మార్కులు వేయించాలి. ఈ వరుస తప్పితే పద్ధతంతా వృథా. మొత్తాలు చూశాక పిల్లలు తమకు కావలసిన జవాబు వచ్చేలా 40ని 30 చేస్తారు, పెద్దలూ అంతే. 'మంచి జీతం', 'మంచి ఉద్యోగం' అని రెండు వరుసలు రాస్తే ఒకే సంగతి రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఇంటి శక్తికి మించిన ఫీజుకు మార్కులు వేయకూడదు, ఆ దారినే ముందుగా కొట్టేయాలి. కట్టేసిన, తిరిగి రాని అడ్వాన్సుకు పట్టికలో చోటు లేదు. ఏ దారిలో వెళ్లినా ఆ డబ్బు పోయినట్టే.

పట్టుకు వేసే మార్కు ఊహతో వేయరాదు. తొమ్మిది, పది తరగతుల్లో బడిలో పెట్టే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కులు ముందు పెట్టుకుని వేయాలి.

ఒక పట్టిక చూద్దాం. ఒక్కో మార్కును ఆ కొలమానానికి ఇచ్చిన అంకెతో హెచ్చవేసి, అన్నీ కూడాలి. ఊళ్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీకి పైన చెప్పిన క్రమంలో 3, 5, 5, 4 వేస్తే మొత్తం 410. పాలిటెక్నిక్‌కు 4, 4, 4, 3 వేస్తే 390. ఎంపీసీ గెలిచిందని ఇక్కడే ఆపేస్తారు. కానీ తేడా 20 మాత్రమే. పట్టు వరుసలో ఒక్క మార్కు మారితే 40 మారుతుంది. పాలిటెక్నిక్‌కు అక్కడ 5 పడితే 430తో అదే ముందుకొస్తుంది. అంటే పట్టిక ఇంకా ఏమీ తేల్చలేదు, ఏ గడి గురించి సరిగ్గా తెలుసుకోవాలో మాత్రం చూపించింది. ఆ పిల్ల ఒకరోజు పాలిటెక్నిక్ వర్క్‌షాప్ చూసి, రెండో ఏడాది చదివేవాళ్లతో మాట్లాడి రావాలి.

ఇదంతా ఒక్క పూటలో చేయించకండి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీకి రాసిన ఉత్తరంలో, కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, అనుకూల, ప్రతికూల కారణాలను మూడు నాలుగు రోజుల పాటు తోచినప్పుడల్లా రాసుకుంటానని చెప్పాడు. మొదటి రోజు తోచనిది మూడో రోజు తోస్తుంది.

ఐదో పీరియడ్‌లో ఐదు నిమిషాలు మౌనంగా ఒక పని చేయించాలి. 'ఇంటర్ మొదటి ఏడాది సగానికి వచ్చేసరికి నీ నిర్ణయం బెడిసికొట్టింది. ఎందుకో రాయి.' గ్యారీ క్లెయిన్ అనే మనస్తత్వవేత్త దీనికి ప్రీమార్టెమ్ అని పేరు పెట్టాడు. 'ఏమైనా ఇబ్బంది ఉంటుందా' అని అడిగితే ఏమీ లేదనే పిల్లలే, ఆల్రెడీ చెడిపోయింది అనేసరికి సాయంత్రం బస్సు లేకపోవడం, ఫిజిక్స్‌లో సందేహం అడగడానికి మనిషి లేకపోవడం రాస్తారు. ఒక్కో కారణం పక్కన చేరేలోపు చేయాల్సిన పని ఒకటి రాయించాలి.

ఆరో పీరియడ్ వెబ్ ఆప్షన్ల ఆటకు, అంటే కౌన్సెలింగ్‌లో కావలసిన కాలేజీల జాబితాను వరుసగా ఇచ్చే పద్ధతిని ఆడి చూడటానికి. 20 మంది పిల్లలకు ర్యాంకు చీట్లు పంచి, బోర్డు మీద 15 సీట్లు రాసి, ర్యాంకు ప్రకారం ఒక్కొక్కరి జాబితా పైనుంచి చదువుతూ ఖాళీ ఉన్న మొదటి సీటు ఇవ్వాలి. నిరుటి చివరి ర్యాంకులు చూసి 'వచ్చేలా ఉన్న' కాలేజీని పైన పెట్టినవాళ్లు అంతకన్నా ఇష్టమైన సీటును చేజేతులా ఎలా వదులుకుంటారో అరగంటలో కళ్లకు కడుతుంది. ఇష్టమైనదాన్ని పైన పెడితే కిందివాటికి వచ్చే నష్టం లేదు. రెండో విడతా ఆడించాలి. కొత్త సీటు వస్తే పాతది పోతుంది కాబట్టి, చేతిలో ఉన్నదానికన్నా మేలైనవి మాత్రమే ఆ జాబితాలో ఉండాలి.

ఇట్లు,
కొందరు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు