అమెరికాలోనూ వన్ పిచ్ క్యాచ్

సంపాదకులకు నమస్కారం.

మీ ఎన్నారై పేజీ కొలంబస్ నుంచి రోజూ చదువుతాను. సంఘాల సభలు, సన్మానాలు, వనభోజనాలే తప్ప మేం ఉంటున్న ఊళ్ల సంగతులు అందులో పెద్దగా కనబడవు. అందుకే ఇది రాస్తున్నా, వీలుంటే వేయండి.

ఇక్కడ పాతకాలపు ఊరిలా కట్టిన మ్యూజియం ఒహాయో విలేజ్‌లో 'మఫిన్స్' అనే బేస్‌బాల్ జట్టు ఉంది. 1981లో మొదలైంది, అందరూ స్వచ్ఛందంగా ఆడేవాళ్లే. వీళ్లు పాటించేది 1860 నాటి రూల్స్. గ్లవ్స్ ఉండవు, బంతి కింది నుంచే వెయ్యాలి, అదీ బ్యాటర్ కొట్టడానికి వీలుగా. పాతకాలం బట్టలు చూసి ఇదేదో నాటకం అనుకోకండి, గెలవడానికే ఆడతారు.

మనం వీధి క్రికెట్‌లో పెట్టుకునే వన్ పిచ్ క్యాచ్ ఉంది చూశారూ, గోడలూ మురిక్కాలవలూ చూసుకుని మన పిల్లలు కల్పించుకున్న రూల్ అనుకుంటాం, కానీ అప్పట్లో అమెరికాలో చాలా క్లబ్బులకు అది అసలు రూలే, కొట్టిన బంతిని ఒక పిచ్ పడ్డాక పట్టినా బ్యాటర్ అవుటే. న్యూయార్క్‌లోని నికర్‌బాకర్స్ క్లబ్ వాళ్లు 1857 నుంచే దాన్ని ఎత్తెయ్యాలని పట్టుబట్టారు, నేల తాకకముందు పడితేనే క్యాచ్ అని. ఏళ్ల తరబడి వాదులాడుకుని చివరికి 1864 డిసెంబర్‌లో తీసేశారు.

ఆ వన్ పిచ్ రూల్ ఆటలో ఎంత తేడా తెస్తుందో చూస్తేనే తెలుస్తుంది. బంతి ఎత్తుగా లేస్తే ఫీల్డర్ దాని కిందికి పరిగెత్తడు, రెండడుగులు వెనక్కి వేసి కింద పడనిచ్చి, లేచేటప్పుడు పొట్ట దగ్గర రెండు చేతులతో ఒడిసి పట్టుకుంటాడు. ఉత్త చేతులు మరి, వేళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి కదా. టీవీలో బేస్‌బాల్ వస్తే లేచి వెళ్లిపోయే మా మామగారు ఇక్కడ కాసేపటికే "వన్ పిచ్, అవుట్!" అని అంపైర్ కంటే ముందే అరిచారు. ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా నిలబడి ఎదుటి జట్టుకు జేజేలు కొడతాయి, అది నాకు ఇంకా నచ్చింది.

పిల్లల దగ్గరికి ఆరేసి నెలలు వచ్చే మన పెద్దవాళ్లు కారు లేక, కబుర్లకు మనిషి లేక ఎంత విసిగిపోతారో మీకు తెలియంది కాదు. నయాగరా ఒక్కసారి చూపించి ఊరుకోకుండా, క్రికెట్ తెలిసిన వాళ్లను ఇలాంటి ఆటకు తీసుకెళ్లండి. మిషిగన్‌లో ఉన్నవాళ్లకైతే డియర్‌బోర్న్‌లో ఇలాంటి మ్యూజియమే అయిన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో 1867 రూల్స్‌తో ఆడతారు. మా దగ్గర సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవులకు ఒహాయో కప్ జరుగుతుంది, వేరే రాష్ట్రాల జట్లు కూడా వస్తాయి. ఆ తేదీలు ముందుగా ఓ నాలుగు లైన్లు వేస్తే చాలు.

– ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో