లార్ప్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

లార్ప్ అంటే లైవ్ యాక్షన్ రోల్‌ప్లే, పాత్రగా మారి ఆడే ఆట. ఈ ఏడు మన పని రెండుగా సాగింది: వానలకు ముందు ఫోమ్ కత్తుల తయారీ, వానల్లో గది ఆటలు. కొత్తవాళ్లు ఎక్కువగా కత్తి మీద మోజుతో వస్తారు. ఆట నిలబడేదీ కూలేదీ మాత్రం పాత్రలు రాసే దగ్గరే. కార్యవర్గం సమయం ఈసారి ఎక్కువగా ఆ రాతకే పోయింది.

కొత్త సభ్యులకు రెండు మాటలు. ముందే రాసిన సంభాషణలేవీ లేకుండా, పాత్రగానే మాట్లాడుతూ, తిరుగుతూ ఆడేది లార్ప్. పగటివేషగాళ్లూ వేషంలోనే ఊరంతా తిరిగేవారు గానీ, వాళ్లను చూడటానికి ఊరుండేది. ఇక్కడ చూసేవాళ్లు వేరే ఉండరు. అమెరికాలో ఫోమ్ ఆయుధాల పోరాట క్రీడ డాగోర్‌హిర్ 1977లో మొదలైంది. ఇంగ్లండ్‌లో 1982లో పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ అనే లార్ప్ మొదలైంది. 1997లో ఓస్లోలో మొదలైన క్నుటెపుంక్ట్ సదస్సు నార్డిక్ (ఉత్తర ఐరోపా దేశాల) లార్ప్ పద్ధతికి కూడలి అయింది. మన గది ఆటలు ఆ పద్ధతివే.

కత్తులు

మీటరు లోపు కత్తికి 10 మి.మీ. ఫైబర్‌గ్లాస్ కడ్డీ, మూడు పొరల మెత్తటి ఈవీఏ (రబ్బరులాంటి ప్లాస్టిక్) ఫోమ్ చాలు. మధ్య పొరలో కడ్డీకి గాడి కోసి, పైన ఒకటి, కింద ఒకటి అతికించాలి. చెప్పుల అట్టలకు వాడే గట్టి ఈవీఏ వద్దు, దెబ్బ తగిలితే ఒళ్లు కములుతుంది. కడ్డీ కొనకు తోలుముక్క చుట్టి టేపు వేయాలి. దాని పైన కనీసం 5 సెం.మీ. ఉత్త ఫోమే ఉండాలి. ఈ తోలుముక్క మరిచిపోతే నాలుగు పోట్లకే కడ్డీ ఫోమ్‌ను చీల్చుకుని బయటికొస్తుంది.

కాంటాక్ట్ గమ్ రెండు వైపులా పూసి, వేలికి అంటనంత వరకు, అంటే 10–15 నిమిషాలు, ఆరనివ్వాలి. తొందరపడి అతికిస్తే ద్రావకం లోపలే చిక్కుకుని పొరలు విడిపోతాయి. పైన లేటెక్స్ (ద్రవ రబ్బరు) ఆరేడు పలుచటి పూతలు వేయాలి. ఒకేసారి మందంగా పూస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది. లేటెక్స్‌కు నూనె పడదు. కొబ్బరినూనె చేత్తో పట్టిన పిడి కొన్నాళ్లకే జిగురుగా మారుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీ అంతకంటే చేటు.

ప్రతి పోరుకు ముందు తనిఖీ తప్పనిసరి. కత్తిని కొద్దిగా వంచితే తిరిగి నిటారుగా రావాలి. కొనను బొటనవేలితో నొక్కితే కడ్డీ తగలకూడదు. తల, గొంతు, గజ్జల మీద దెబ్బ నిషేధం.

చెరువు ఆట

పాత తెలంగాణ పల్లెలో తూము నీళ్ల పంపకం మీద రాసిన ఆట ఇది. ఆటకు సిద్ధం కావడానికి గంట వర్క్‌షాపు, మూడు గంటల ఆట, ఆ తర్వాత అందరం కూర్చుని మాట్లాడుకోవడం. మొదటి రాతలో తీర్పు చెప్పే అధికారమంతా పటేలుకే ఇవ్వడంతో, ఆయన ఒక మాట అనగానే సగం పాత్రలకు పనిలేకుండా పోయింది. తిరగరాసినప్పుడు తూము తెరిచే పని నీరటికి, పహాణీ (భూమి లెక్కల పుస్తకం) పట్వారీకి, పంచాయతీ పిలిచే హక్కు పటేలుకు ఇచ్చాం. ఏ ఒక్కరూ ఒంటరిగా ఏదీ తేల్చలేరు. ప్రతి రహస్యాన్నీ కనీసం ఇద్దరికి చెప్పాం, ఎందుకంటే ఒక్కరికే తెలిసిన రహస్యం ఆట ముగిసేదాకా ఆ కాగితంలోనే ఉండిపోతుంది. ప్రతి పాత్రకూ ఒక కోరిక, ఒక భయం, ముగ్గురితో సంబంధం. అంతకు మించి రాస్తే ఎవరూ గుర్తుంచుకోరు.

పల్లె ఆట కాబట్టి కులం ప్రస్తావన తప్పదు. కులం పేరుతో తిట్టే హక్కు మాత్రం ఏ పాత్రకూ లేదని వర్క్‌షాపులోనే తేల్చాం. దీని మీద వాదన జరిగింది, జరగాల్సిందే.

ఆట ఆపడానికి మొదట “ఆగు” అనుకున్నాం. పాత్రలే ఒకరినొకరు “ఆగు” అని గద్దిస్తుంటే ఎవరు నిజంగా ఆపుతున్నారో తెలియలేదు. ఇప్పుడు పూర్తిగా ఆపడానికి “కట్”, జోరు తగ్గించడానికి “బ్రేక్”. మాట్లాడకుండా తప్పుకోవాలంటే అరచేయి కళ్లకు అడ్డం పెట్టుకుని నడిచి వెళ్లొచ్చు, ఎవరూ కారణం అడగరు.

వచ్చే ఏడు

జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశంలో పెడతాం. లేటెక్స్ పూతల పని మే నెలలోపే ముగించాలని, కత్తులను గోడకు ఆనించకుండా పిడి పట్టి వేలాడదీసే కొయ్యలు కొనాలని ప్రతిపాదన. సొంత ఆయుధాలున్న సభ్యులు వాటిని సమావేశానికి తెస్తే అక్కడే తనిఖీ చేస్తాం.

— కార్యవర్గం